పాత బుల్లెట్‌లో ఆయిల్ లీకేజీ, టక్ టక్ శబ్దం: ఇంజిన్ దించే ముందు చూడాల్సినవి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారి 1984 మోడల్ బుల్లెట్ 350 ఆరేళ్లు రాజమండ్రి ఇంటి వరండాలో కవర్ కప్పుకుని ఉండిపోయింది. ఈమధ్యే హైదరాబాద్ తెప్పించారు. కార్బురేటర్ శుభ్రం చేయించి, కొత్త బ్యాటరీ వేశారు. ఆయిల్ గేజి తీసి చూస్తే కడ్డీ చివర కూడా తడి లేదని ముప్పావు లీటరు పోశారు. నాలుగైదు కిక్కులకు స్టార్టయింది. కానీ సైలెన్సర్ నుంచి గదంతా నిండేంత పొగ, పొద్దున చూస్తే బండి కింద రెండు వైపులా ఆయిల్ మడుగు, కుడివైపు నుంచి ఆగని టక్ టక్. చూసిన మెకానిక్ "బోరు పోయింది, బిగ్ ఎండ్ పోయింది, ఇంజిన్ మొత్తం దించాలి" అన్నాడు. బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండర్, బిగ్ ఎండ్ అంటే కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే కింది కీలు. దించమనాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు, కాదనను. కానీ మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కూడా ఇంజిన్ విప్పకుండా తేల్చుకోలేనిది కాదు. నేను ఈ కాస్ట్ ఐరన్ బుల్లెట్ల మీద ముప్పై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను, మొదట విజయవాడ ఆటోనగర్‌లో, తర్వాత సొంత షెడ్డులో. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజిన్‌ని ఒకసారి విప్పితే మళ్లీ ఆ బిగింపు తేవడం చాలా కష్టం. అందుకే ఒక పాత బండి ఇంజిన్ అవసరం లేకుండా విప్పారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ముందు మీరు పోసిన ముప్పావు లీటరు సంగతి చూద్దాం. సగం కథ అక్కడే ఉందని నా అనుమానం.

ఈ ఇంజిన్‌కి ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు. క్రాంక్ కేస్ పోతలోనే, ఫ్లైవీల్స్ తిరిగే గదికి వెనకాల, ఆయిల్ కోసం ఒక గది ఉంటుంది. గేజి కడ్డీ మునిగేది ఆ గదిలో. టైమింగ్ వైపు, అంటే కుడివైపు, రెండు పంపులుంటాయి. ఒకటి ఆ గది నుంచి ఆయిల్ తీసి బిగ్ ఎండ్‌కి పంపుతుంది. రెండోది, కాస్త పెద్దది, ఫ్లైవీల్స్ గదిలోకి జారిన ఆయిల్‌ని లాగి రాకర్లకు (హెడ్డులో వాల్వులని నొక్కే చేతులకు) పంపుతూ మిగతాది ట్యాంకు గదికి చేరుస్తుంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ట్యాంకు గదిలోని ఆయిల్ మొదటి పంపు సందుల్లోంచి మెల్లగా ఫ్లైవీల్స్ గదిలోకి దిగిపోతుంది. ఆయిల్ ఎక్కడికీ పోలేదు, గది మారింది, అంతే. గేజి పెడితే మాత్రం కడ్డీకి తడి అంటదు. చూసినవాళ్లు ఆయిల్ అయిపోయిందనుకుని పోస్తారు. మీరూ అదే చేశారు. ఇందులో మీ తప్పేం లేదు, ఈ విషయం తెలిసినవాళ్లు చెప్పాల్సిందే.

ఈ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ మొత్తం సుమారు రెండుంపావు లీటర్లు. అందులో మీ ముప్పావు కలిస్తే మూడు. స్టార్ట్ చేయగానే ఫ్లైవీల్స్ ఆ ఆయిల్ మడుగులో తిరిగి దాన్ని బోరులోకి చిమ్ముతాయి, రింగులు అంత ఆయిల్‌ని గీకలేవు, అది కాలి పొగవుతుంది. లోపల ప్రెజర్ పెరిగి ఆయిల్ ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటికొస్తుంది. అంటే పొగ వచ్చినంత మాత్రాన బోరు పోయినట్టు కాదు.

కాబట్టి ఆదివారం మొదటి పని ఆయిల్ దించడం. ఇంజిన్ అడుగున ఒకటికి మించి డ్రెయిన్ బోల్టులుంటాయి. ట్యాంకు గది కిందది, ఫ్లైవీల్స్ గది కిందది, రెండూ విప్పండి. గీతలున్న డబ్బాలో పట్టి కొలవండి. మూడు లీటర్లకు దగ్గరగా వస్తే నా అనుమానం నిజమైనట్టే. కారిపోయింది, కాలిపోయింది పోను రెండున్నర వచ్చినా లెక్క సరిపోతుంది.

ఇక్కడ పానల గురించి ఒక మాట. ఇది 1949లో ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ నుంచి వచ్చిన డిజైన్. మద్రాసు తిరువొత్తియూర్‌లో తయారీ మొదలయ్యాక కూడా చాలా ఏళ్లపాటు ఆ బ్రిటిష్ నట్లు, మరలే వాడారు. మీ దగ్గరున్న మిల్లీమీటర్ పానలు కొన్నిటికి పట్టినట్టే పట్టి జారిపోతాయి, నట్టు మూలలు గుండ్రమైపోతాయి. విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలతల) పానల సెట్టు ఒకటి కొనుక్కోండి. అల్యూమినియం కేసులో మరలు చాలా సున్నితం. డ్రెయిన్ బోల్టు మర ఒక్కసారి పోతే, ఎన్ని వాషర్లు వేసినా ఆ చుక్క ఆగదు.

దించిన ఆయిల్‌ని వెంటనే పారబోయకండి. తెల్లటి పళ్లెంలో కొద్దిగా పోసి ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. టైమింగ్ కవర్‌లో ఉండే ఫెల్ట్ ఫిల్టర్‌ని కూడా బయటికి తీసి మడతలు విప్పి చూడండి. ఈ ఇంజిన్‌కి పాతరోజుల్లో బిగ్ ఎండ్‌లో బేరింగ్ రోలర్లు ఉండేవి కావు, ఫ్లోటింగ్ బుష్ (వదులుగా తిరిగే లోహపు గొట్టం) ఉండేది. దాని మీద మెత్తటి తెల్ల లోహం పూత ఉంటుంది. బుష్ అరిగి పొర లేస్తే ఆ పూత సన్నటి రేకుల్లా ఫిల్టర్‌లో చిక్కుతుంది, వేళ్ల మధ్య నలిపితే బల్లపరుపుగా తగులుతుంది. నల్లటి జిడ్డు, అక్కడక్కడా మెరిసే పొడి ఉంటే భయపడక్కర్లేదు, నలభై ఏళ్ల బండికి అది మామూలే. రేకులు రేకులుగా కనిపిస్తే మాత్రం ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకుండా ఆపేయండి, ఆ మెకానిక్ మాట నిజమన్నట్టు.

ఫిల్టర్ బాగుంటే కొత్త ఫెల్ట్, కొత్త రబ్బరు వాషర్ వేసి, 20డబ్ల్యూ 50 ఆయిల్ రెండు లీటర్లు పోయండి. ఆరుబయట స్టార్ట్ చేయండి. రాకర్లకు వెళ్లే సన్న పైపుల బాంజో బోల్టుని (పైపు చివరనుండే, లోపలి నుంచి ఆయిల్ పారే బోలు బోల్టు) ఒక పావు చుట్టు వదులు చేసి, వేలు దగ్గర పెట్టి చూడండి. నిమిషంలోపు ఆయిల్ ఊరి కారాలి. రాకర్లకు వెళ్లేది తిరుగు పంపు ఆయిల్ కాబట్టి, ఐదు నిమిషాల తర్వాత కూడా వస్తోందంటే పంపే పంపు కూడా పని చేస్తోందని అర్థం. అది పంపకపోతే తిరిగి రావడానికి లోపల ఆయిల్ ఉండదు. రాకపోతే ఇంజిన్ ఆపేయండి, ముందు పంపుల సంగతి చూడాలి. అంతా సరిగ్గా ఉంటే బోల్టు బిగించి, ఇంజిన్ ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి అప్పుడు గేజి చూసి తక్కువైనంత పోయండి. ఇకముందు కూడా గేజి ఎప్పుడూ ఇలాగే, ఇంజిన్ కాసేపు నడిపాకే చూడాలి. చల్లటి ఇంజిన్ మీద చూసిన గేజిని నమ్మకండి.

రెండో పని బ్రీథర్. బుల్లెట్ అంటేనే ఆయిల్ కారుతుందని ఒక పేరుంది. నా చేతికొచ్చిన బళ్లలో ఆ పేరుకి కారణం ఎక్కువగా ఒక చిన్న రబ్బరు ముక్క. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా క్రాంక్ కేస్‌లో గాలి నొక్కుకుంటుంది. ఆ గాలి బయటికి పోవాలి, మళ్లీ లోపలికి రాకూడదు. అందుకని బ్రీథర్ పైపు చివర బాతు ముక్కులా ఉండే రబ్బరు వాల్వు పెట్టారు. అది ఎండి బిగుసుకుంటే, లేక ఎవరో పైపు మడిచేసి ఉంటే, గాలికి దారి లేక ప్యాకింగుల సందుల్లోంచి ఆయిల్‌ని తోసుకుంటూ వస్తుంది. అప్పుడు మీరు ఎన్ని కొత్త ప్యాకింగులు వేసినా నెల తిరక్కుండా మళ్లీ తడి. ఆ వాల్వు తీసి శుభ్రంగా తుడిచి, నోటితో ఊదండి. ఒకవైపు నుంచి గాలి సులువుగా పోవాలి, రెండోవైపు నుంచి అసలు పోకూడదు. రెండు వైపులా పోయినా, ఏ వైపూ పోకపోయినా పారేసి కొత్తది వేయండి. పైపు లోపల పేరుకున్న జిడ్డుని కిరోసిన్‌తో కడగండి.

కొత్త వాల్వు వేసినా పైపు నుంచి దబదబా గాలి తన్నుతుంటే అప్పుడు రింగుల్ని అనుమానించాలి. దానికీ తేలిక పరీక్ష ఉంది. డీకంప్రెసర్ (కిక్ తేలికవ్వడానికి కంప్రెషన్‌ని వదిలేసే చిన్న వాల్వు) ముట్టుకోకుండా కిక్ రాడ్ మీద నెమ్మదిగా బరువు వేసి నిలబడండి. మంచి ఇంజిన్ మనిషి బరువుని కొన్ని సెకన్లు మోస్తుంది. కాలు వెంటనే దిగిపోతే ప్లగ్ తీసి రెండు చెంచాల ఆయిల్ బోరులో పోసి, నాలుగుసార్లు తిప్పి, ప్లగ్ బిగించి మళ్లీ నిలబడండి. ఇప్పుడు మోస్తే రింగులో, బోరో అరిగాయి. అప్పటికీ దిగిపోతే లీకు పైన, వాల్వుల్లోనో, డీకంప్రెసర్‌లోనో ఉంది. డీకంప్రెసర్ కేబుల్ మరీ టైటుగా ఉండి ఆ చిన్న వాల్వు పూర్తిగా మూసుకోకపోవడం నేను చాలాసార్లు చూశాను. హెడ్డు మీద దాని చుట్టూ నల్లటి మసి తడిగా ఉంటుంది, చిట్ చిట్‌మని శబ్దం కూడా వస్తుంది. కేబుల్‌కి కాస్త లూజు ఇస్తే చాలు.

ఈ రెండూ చేశాకే లీకు ఎక్కడో వెతకండి. ముందే వెతికితే అన్ని చోట్లా లీకే కనిపిస్తుంది. ఇంజిన్‌ని కిరోసిన్, బ్రష్‌తో కడిగి, గాలి కొట్టించి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక ఒళ్లంతా పౌడర్ చల్లండి, ఇంట్లో మొహానికి రాసుకునే పౌడరే. ఓ పది కిలోమీటర్లు తిప్పుకుని వచ్చి టార్చి వేసి చూడండి. కారిన ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి కింద మడుగున్న చోట లీకు ఉందనుకోవద్దు. పౌడర్ తడిసిన మచ్చల్లో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్నది ఏదో అదే మూలం. రాత్రికి బండి కింద పాత అట్టముక్క పరిచి, చక్రాలెక్కడున్నాయో గీత గీసి పెట్టండి. పొద్దున్నే చుక్కల రంగు, చిక్కదనం చూడండి. నల్లగా పల్చగా ఉంటే ఇంజిన్ ఆయిల్. బంకలా, గ్రీజులా ఉంటే గేర్ బాక్సు. ఇంజిన్‌ది కాకుండా లేత రంగులో ఉంటే ప్రైమరీ చైన్ కేస్, అంటే ఇంజిన్ నుంచి క్లచ్‌కి వెళ్లే చైన్ ఉండే ఎడమవైపు పెట్టె.

కుడివైపు బోరు అడుగున టాపెట్ల (వాల్వులని తెరిచే పుష్ రాడ్లని పైకి తోసే ముక్కల) మూత ఉంటుంది, ఒకే నట్టుతో బిగిస్తారు. ఆయిల్ అక్కడ కారుతోందని ఆ నట్టుని బలంగా బిగిస్తారు, మూత వంగి ఇంకా కారుతుంది. ఆ మూతని అద్దం ముక్క మీద సన్నటి ఎమరీ పెట్టి రుద్ది చదును చేసి, కొత్త ప్యాకింగ్ వేసి, చేతికి బిగువు తగిలేంతవరకే బిగించండి. రాకర్ల ఆయిల్ కిందికి దిగేది బోరులోనే పోతపోసిన పుష్ రాడ్ల దారిలోంచి కాబట్టి, కుడివైపు హెడ్డు, బోరు కలిసే చోట తడి ఉంటే హెడ్ ప్యాకింగ్ అటువైపు వదిలిందని అర్థం. పవర్ తగ్గకపోతే అది ఈ వారమే చేయాల్సిన పనేం కాదు. బాంజో బోల్టుల రాగి వాషర్లు కారుతుంటే కొత్తవి కొనక్కర్లేదు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే రాగి మెత్తబడి మళ్లీ పట్టుకుంటుంది.

టైమింగ్ కవర్ విప్పాల్సి వస్తే మాత్రం చాలా జాగ్రత్త. బిగ్ ఎండ్‌కి వెళ్లే ఆయిల్ దారి ఆ కవర్ లోంచే ఉంది. క్రాంక్ చివర కూర్చునే చిన్న సీలు విరిగినా, పెట్టడం మర్చిపోయినా ఆయిల్ బిగ్ ఎండ్‌కి చేరదు. అలాగే ఎవరైనా ప్యాకింగ్ బదులు సిలికాన్ ట్యూబు పిండి బిగిస్తానంటే ఒప్పుకోకండి. పిండినదాంట్లో సగం లోపలికి ఉబికి, తోకలా ఊడి, ఆయిల్ దారికి అడ్డం పడుతుంది. పైకి ఒక్క చుక్క కారదు, లోపల బుష్ ఎండి కాలిపోతుంది. చుక్కలు కారే ఇంజిన్‌ని నేను భరిస్తాను, సిలికాన్ పూసిన ఇంజిన్‌ని చూస్తే నాకు టెన్షన్. కాగితం ప్యాకింగ్, దానికి పల్చగా షెల్లాక్, అంతే చాలు.

ఎడమవైపు చైన్ కేస్ మూతని మధ్యలో ఉండే ఒకే ఒక్క నట్టు పట్టుకుంటుంది, చుట్టూ రబ్బరు సీలు. ఇక్కడ కూడా జబ్బు అదే, ఎక్కువ బిగించడం. కొత్త రబ్బరు వేస్తే చాలాసార్లు సరిపోతుంది. చైన్ కేస్‌లో ఆయిల్ మీరు పోయకుండానే పెరుగుతుంటే క్రాంక్ ఎడమవైపు ఆయిల్ సీలు పోయినట్టు.

ఇక శబ్దం. అది ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది, దేనికి మారుతోంది అన్నవి ముందు గమనించండి. చల్లగా ఉన్నప్పుడు డబడబా కొట్టి, వేడెక్కాక తగ్గితే పిస్టన్ బోరుకి తగులుతున్న శబ్దం. ఆ ఐరన్ బోరుకి అది కొంతవరకు మామూలే. క్లచ్ పట్టగానే మారిపోతే క్లచ్, గేర్ బాక్సు వైపు చూడండి. ఎత్తు ఎక్కేటప్పుడు గాజుగోళీలు రాలినట్టు వినిపిస్తే ఇగ్నిషన్ టైమింగ్ ముందుకి ఉంది. పాయింట్ల (విడిపోగానే ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే కాంటాక్టుల) గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లకు పెట్టి, పిస్టన్ పైకొచ్చేందుకు ఇంకా 0.8 మిల్లీమీటర్ ఉన్నప్పుడు పాయింట్లు విడిపోయేలా సెట్ చేయించండి.

మీది కుడివైపు సన్నటి టక్ టక్, ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతోందన్నారు. ముందు టాపెట్లు చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి కిక్ రాడ్‌ని మెల్లగా నొక్కుతూ ఆంపియర్ మీటర్ ముల్లుని చూడండి. పక్కకి వాలిన ముల్లు మధ్యకి తిరిగొచ్చిన క్షణం పాయింట్లు విడిపోయాయి, అంటే కంప్రెషన్ మీద పిస్టన్ దాదాపు పైకి వచ్చేసింది. మీ నాన్నగారు రోజూ కిక్ కొట్టే ముందు చూసుకున్న ముల్లు ఇదే. ఇగ్నిషన్ ఆపేసి, టాపెట్ మూత తీసి, రెండు పుష్ రాడ్లనీ వేళ్లతో తిప్పండి. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఎగ్జాస్ట్‌ది వెంట్రుకవాసి లూజుగా ఉన్నా పర్వాలేదు. ఏదైనా తిరగనంత టైటుగా ఉంటే మాత్రం వెంటనే వదులు చేయండి, వాల్వు కాలిపోతుంది. శబ్దం కంటే అది ప్రమాదం.

టాపెట్లు సరిగ్గా ఉన్నా శబ్దం ఆగలేదా? సైలెన్సర్ పైపు హెడ్డులోకి దిగే చోట సబ్బునీళ్లు చల్లండి. ఇంజిన్ చల్లగా ఉండగానే చల్లి, అప్పుడే స్టార్ట్ చేయాలి. బుడగలొస్తే ఆ టక్ టక్ అక్కడి నుంచే. గ్యాస్ లీకు చప్పుడు అచ్చం టాపెట్ చప్పుడులాగే ఉంటుంది, ఎంతోమంది మోసపోతారు.

ఆ తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, మొనని ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవి ముందు ఎముకకి నొక్కి వినండి. రాకర్ కవర్, టాపెట్ మూత, టైమింగ్ కవర్, బోరు అడుగు, చైన్ కేస్, ఒక్కోచోట అర నిమిషం. మొదటిసారి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. రెండో రౌండులో తేడా తెలుస్తుంది.

చైన్ కేస్ దగ్గర ఎక్కువ వినిపిస్తే ఆగండి. నాకు ఈ పని కొత్తగా ఉన్నప్పుడు ఒక పెద్దాయన బండి వచ్చింది. లోపలి నుంచి బరువైన డంగ్ డంగ్. బిగ్ ఎండ్ అని తేల్చేశాను. ఇంజిన్ దించి, క్రాంక్ విప్పించి, కొత్త బుష్ వేయించి, పది రోజులకు బిగించాను. స్టార్ట్ చేస్తే అదే డంగ్ డంగ్. ఆయన ఏమీ అనలేదు, అక్కడే స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. చివరికి చైన్ కేస్ విప్పి, క్రాంక్ చివరనున్న ఆల్టర్నేటర్ రోటర్‌ని పట్టుకుని ఊపితే చేతిలో ఆడింది. దాన్ని పట్టే నట్టు వదులైంది, కీ అరిగింది. రెండు చిన్న సామాన్ల పని. ఆయన దగ్గర మజూరీ తీసుకోలేకపోయాను. అప్పటినుంచి బిగ్ ఎండ్ అనే మాట అనేముందు నేను చైన్ కేస్ విప్పకుండా ఉండను.

మీరూ విప్పండి. ఎడమ ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ తీయాలి, కింద ట్రే పెట్టుకోవాలి. రోటర్‌ని పట్టి ఊపండి. దాని చుట్టూ స్టేటర్‌కి మధ్య పోస్ట్‌కార్డు ముక్క దూర్చి తిప్పండి, ఎక్కడా ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే రోటర్ స్టేటర్‌కి రాసుకుంటోంది. ప్రైమరీ చైన్‌ని పైకీ కిందికీ ఆడించండి. అన్నిటికంటే టైటుగా ఉన్నచోట 6 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. అంతకంటే ఎక్కువ ఆడుతుంటే చైన్ కేసుకి కొట్టుకుంటుంది. మీకు వినిపిస్తోంది కుడివైపే అయినా ఇది చూడమంటున్నాను, ఇనుములో శబ్దం ఎటునుంచి ఎటైనా నడుస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు, ముఖ్యంగా వదిలేసినప్పుడు, అడుగు నుంచి బరువుగా కొట్టే శబ్దం మిగిలిందంటే అది బిగ్ ఎండ్. అప్పుడు కూడా ముందు హెడ్డు, బోరు మాత్రమే తీయించండి, క్రాంక్ కేస్ ముట్టుకోనివ్వకండి. పిస్టన్‌ని పైకి తెచ్చి కనెక్టింగ్ రాడ్‌ని రెండు చేతులతో పట్టుకుని నిలువుగా లాగండి, నొక్కండి. పక్కలకు కొంచెం ఊగితే పర్వాలేదు, అలా ఉండాలి కూడా. నిలువుగా టక్కుమని తగిలితేనే బుష్ పోయినట్టు. ఈ పరీక్ష మీ కళ్ల ముందు, మీ చేత్తో చేయండి. నిలువు ఆట ఉందని తేలితే ఫ్లైవీల్స్‌ని ప్రెస్ చేసి, సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజితో చూస్తూ వంకర లేకుండా చేయగల లేత్ షాపుకే ఇవ్వండి, సుత్తితో కొట్టి సరిచేసే చోట ఇవ్వకండి.

ముందు ఆయిల్ దించి ఎన్ని లీటర్లు వచ్చిందో, ఫెల్ట్‌లో ఏం కనిపించిందో చెప్పండి. అప్పటిదాకా బండి స్టార్ట్ చేయకండి.